మోట కుట్టిన చెయ్యి, మోటారు చుట్టిన చెయ్యి

(పల్నాడు పల్లెల నుంచి వచ్చిన ఐటిఐ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కార్యకర్తలు నరసరావుపేటలో కూడినప్పుడు మాట్లాడిన మాటల పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. మేము బడిపంతుళ్ళం గనక అదే చెబుతామని మీరూ అనుకుని వచ్చి ఉంటారు. ప్రతి సభలోనూ అదే చెబుతున్నాం. కలెక్టరైన మన పిల్లగాడి గురించి, డాక్టరైన మన పిల్ల గురించి చెప్పి చప్పట్లు కొట్టిస్తున్నాం. మంచిదే, చెప్పాల్సిందే. కానీ ఇక్కడ చాపల మీద కూచున్న తల్లుల్లో ఎంతమంది బిడ్డలు కలెక్టర్లయ్యారు? ఎక్కువమంది బిడ్డలు వెల్డింగు చేస్తున్నారు, కరెంటు పని చేస్తున్నారు, ట్రాక్టర్లు విప్పి బిగిస్తున్నారు, తాపీ పట్టి గోడలు కడుతున్నారు. ఆ తల్లి మన సభకు వచ్చి, మన ఉపన్యాసాలు విని, ఇంటికి పొయ్యేటప్పుడు "నా కొడుకు ఏమీ కాలేకపాయె" అనుకుంటా పోతోంది. ఆ తప్పు ఆమెది కాదు, ఆమె కొడుకుది అంతకన్నా కాదు. మనది.

అందుకని ఈ పూట చేతిపని గురించి మాట్లాడతాం. పని నేర్చిన కొడుకును చూసి పొంగిపోయే ఒక తండ్రి సంగతి చెబుతాం. ఆ తండ్రి ఎవరో కాదు, మా పెదనాన్న.

లంద కాడి చదువు

మా పెదనాన్నకు డెబ్బై అయిదు దాటాయి. మాచర్లకూ గురజాలకూ నడిమధ్య మా ఊరు. 1967లో నాగార్జునసాగరు కాలవలకు నీళ్ళు వదిలారు. పల్లపు ఊళ్ళకు పారినయ్యి గానీ మా మెరక చేలకు ఎక్కలేదు. మాకు బావులే దిక్కు. కరెంటు మోటార్లు రాకముందు ఆ బావుల్లో నీళ్ళు మోటతో తోడేవాళ్ళు. ఇక్కడున్న చిన్నపిల్లలు మోటను చూసి ఉండరు. పెద్ద తోలు బాన, దాని కింద తోలు తొండం. ఎడ్లు దిగుడుబాటలో కిందికి నడిస్తే బాన నిండుకుని పైకొస్తుంది, తొండం జారి నీళ్ళు కాలవలో పడతాయి. ఆ బాన, ఆ తొండం కుట్టింది మాదిగోళ్ళు. మా ఊళ్ళో చాలా బావులకు కుట్టింది మా తాత, తర్వాత మా పెదనాన్న.

అది ఎట్లాంటి పనో పెదనాన్న నోట విన్నాం. చచ్చిన ఎద్దును ఒలిచేటప్పుడు తోలు మీద ఒక్క కత్తి గాటు పడకూడదు. పడితే ఆ గాటు కాడే రేపు నీళ్ళు కారతాయి. ఒలిచిన తోలును సున్నపు నీళ్ళలో నానేస్తారు. సున్నం తక్కువైతే వెంట్రుక ఊడదు. ఒక పూట ఎక్కువైతే తోలు చేవ చచ్చిపోతుంది. గీకి, కడిగి, పిండి, తంగేడు చెక్క నానిన నీళ్ళున్న లందలో వేస్తారు. ఒకేసారి చిక్కటి నీళ్ళలో వేస్తే పైపైన మాత్రమే ఊనుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకని పలచటి నీళ్ళతో మొదలెట్టి రోజురోజుకూ చిక్కబరుస్తారు. అట్లా వారాలు గడవాలి. తర్వాత కోత, కుట్టు, నూనె పట్టించటం. కుట్టు ఎట్లా ఉండాలంటే, బాన నిండా నీళ్ళు పోసి ఎత్తినా చుక్క కారకూడదు.

మేము బడిలో పిల్లలకు సామాన్యశాస్త్రం చెబుతాం. తంగేడు చెక్కలో టానిన్ అనే పదార్థం ఉంటుందనీ, అది తోలులోని మాంసకృత్తును పట్టుకుని కుళ్ళకుండా కాపాడుతుందనీ నల్లబల్ల మీద రాస్తాం. ఆ ముక్క మాకు కాలేజీలో తెలిసింది. మా పెదనాన్నకు పన్నెండేళ్ళప్పుడే చేతులకు తెలిసింది. ఆయన దాన్ని శాస్త్రం అనలేదు, మనమూ అనలేదు. వాసన అన్నాం. ఊరవతల పెట్టాం.

ఇంత పనికి కూలి ఎంత? కూలి అనే మాటే లేదు. మేర. ఏడాదికోసారి కళ్ళం కాడికి గంప పట్టుకుని పోవాలి. ఆసామి కొలుచుకుని, బస్తాలు కట్టుకుని, తూర్పార పట్టగా మిగిలింది ఊడ్చి పోస్తే అది మేర. ఎన్ని మానికలో ముందు అనుకునేది లేదు. పంట పండకపోతే అదీ లేదు. కుట్టు విడిపోతే మాత్రం అదే రోజు తిట్లు. బావి నిండా నీళ్ళున్నా ఆ మోట కుట్టినోడు ఆ బావిలో చేద వెయ్యటానికి లేదు. మా పెదనాయనమ్మ ఆ బావి గట్టు మీద కడవ పెట్టుకుని, ఎవరన్నా పోస్తారేమోనని నిలబడేది.

చూడండి, ఇక్కడొక సంగతి పట్టుకోవాలి. మన పెద్దలకు పని రాక పేదవాళ్ళయ్యారని ఎవరన్నా అంటే నమ్మొద్దు. పని వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు. పనికి ధర కట్టే హక్కు లేదు. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ పడవల చెక్కల సందులు నీళ్ళు కారకుండా పూడ్చే పని నేర్చాడు. మోట కుట్టులాంటిదే అది. బాల్టిమోర్ రేవులో మంచి పనివాడు. కానీ వారం వారం కూలి తీసుకెళ్ళి యజమాని చేతిలో పోసేవాడు. 1838లో పారిపోయి స్వేచ్ఛ ఉన్న ఉత్తరాదికి పోతే, అక్కడ తెల్ల పనివాళ్ళు ఆయన పక్కన ఆ పని చెయ్యమన్నారు. మొయ్యటం, ఊడవటం వంటి పనులే చేసుకుని బతికాడు. మొదట పని ఇచ్చి కూలి గుంజుకున్నారు, తర్వాత పనే ఇవ్వలేదు. ఈ రెండూ మనకూ జరిగాయి.

చెయ్యను అన్న రోజు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్ళ చెరువు కాడ మొదలైన గొడవ అది. ఆ తర్వాత మన జిల్లాల్లో చాలా వాడల్లో ఒక మాట పుట్టింది. వెట్టి చెయ్యం, చచ్చిన గొడ్డు ఎత్తం అని. 1927లో మహద్‌లో బాబాసాహెబు చెప్పిన మాట, అరవై ఏళ్ళకు మా వాడకు చేరింది.

మా పెదనాన్న కొడుక్కి అప్పుడు పన్నెండేళ్ళు. మాకు అన్న వరస. మోటలు అప్పటికి పోయాయి, మోటార్లు వచ్చేశాయి. కానీ గొడ్డు చస్తే పిలుపు పోలేదు. ఒక ఆసామి ఎద్దు చచ్చింది. పెదనాన్నకు జ్వరం. "నువ్వు రాలేకపోతే నీ కొడుకును పంపరా, వాడూ నేర్చుకోవాలిగా" అని కబురు వచ్చింది. పెదనాన్న మంచం మీదనుంచి లేచి కూచుని "నేను రాను, వాడు అసలే రాడు" అన్నాడు. ఆ మాట ఎట్లా వచ్చిందో తనకే తెలవదంటాడు. ఆ రాత్రి ఆరెను, తోలు కోసే కత్తినీ చూరులో దాచేశాడు. కొడుకు కంటపడితే చేత్తో పట్టుకుంటాడని, పట్టుకుంటే ఎవరో ఒకరు చూస్తారని.

ఆ ఏడు మాకు కళ్ళంలో గింజ రాలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళను కలుపుకు పిలవలేదు. పెదనాన్న పిడుగురాళ్ళ పోయి సున్నపు బట్టీల్లో రాయి మోశాడు. ఒకప్పుడు తోలు నానేసిన సున్నమే, ఈసారి కళ్ళల్లోకీ గొంతులోకీ పోయింది. ఇప్పటికీ ఆయనకు దగ్గు వదల్లేదు. కొడుకు చేతికి ఆరె రాకుండా ఉండటానికి ఆయన కట్టిన కిరాయి అది.

తీగ ముట్టనీయని కాలం

అన్న పదో తరగతి తప్పాడు. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. మేము రెండేళ్ళ వెనక పాసయ్యాం, కాలేజీకి పోయాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. అన్న ఒక టౌన్లో మోటారు వైండింగు కొట్లో చేరాడు. ఆ కొట్టు పేరు ఎందుకుగానీ, అన్ని కొట్లూ అప్పుడు అట్లాగే ఉన్నాయి. ఆర్నెల్లు తీగ ముట్టనీలేదు. కొట్టు ఊడవటం, మోటార్లు మొయ్యటం, కాలిపోయిన తీగ పీకటం. టీ గ్లాసు వేరే. తోటి కుర్రాళ్ళకు వారం వారం జీతం ఇస్తే, అన్నకు పండక్కి ఒక చొక్కా.

బాబాసాహెబు 1928లో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె నాడు ఈ సంగతినే నిలదీశారు. మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ. ఆ ఖాతాలోకి మనవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే తెగిన దారాన్ని, నాడెలో దారాన్ని నోటితో పట్టాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని. తోటి కార్మికులే అడ్డం. ఎర్రజెండా కింద సమ్మె చేసేవాళ్ళు కూడా ఈ గడప మీద మాట్లాడలేదు. మన మనుషులు మొరటు పనికే పనికొస్తారని అంటారు గానీ, నైపుణ్యం ఉన్న పని కాడ తలుపేసింది ఎవరో చెప్పరు. 1936లో ఆయన రాసిన కులనిర్మూలన గ్రంథంలో అసలు గుట్టు విప్పారు. కులం పనిని పంచేది కాదు, పనివాళ్ళను విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చేది అని.

మా అన్న ఏం చేశాడో వినండి. కాలిపోయిన తీగ పీకటమే కదా తన పని! పీకేటప్పుడు లెక్కపెట్టుకున్నాడు. ఈ మోటారుకు ఎన్ని గాళ్ళు, ఒక్కో గాడిలో ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, ఏ కొస ఏ కొసకు కలిసింది, అన్నీ సిగరెట్టు పెట్టెల వెనక రాసుకున్నాడు. రెండేళ్ళల్లో ఆ పెట్టెలు సంచీడయ్యాయి. పీకినోడికి చుట్టటం వచ్చేసింది. ఇంగ్లీషులో తప్పిన మనిషి మోటారు మీద రేకు చదవటం నేర్చాడు. తర్వాత ప్రైవేటుగా ఐటిఐ పరీక్ష రాసి కాగితం తెచ్చుకున్నాడు.

సొంత కొట్టు పెడదామని ఊళ్ళో రోడ్డు మీద గది అడిగితే అద్దె చెప్పారు, అడ్వాన్సు చెప్పారు, మర్నాడు "మా వాళ్ళు వద్దంటున్నారయ్యా" అన్నారు. మూడు చోట్ల ఇదే మాట. చివరకు మా వాడ మొదట్లో, పెదనాన్న పాక ముందరే రేకుల షెడ్డు వేశాడు. ఎవరొస్తారు మాదిగవాడలోకి మోటారేసుకుని అని మేమే అన్నాం.

ఆసామి వాడకు వచ్చిన పూట

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ ఉపన్యాసం దొంగ ఉపన్యాసం అవుతుంది. మాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో అన్నను చూస్తే నామోషీగా ఉండేది. చేతుల నిండా వార్నిషు, గోళ్ళల్లో నలుపు. పెళ్ళిళ్ళల్లో మా తోటి టీచర్లకు పరిచయం చేసేటప్పుడు "మా అన్న, బిజినెస్సు చేస్తాడు" అనేవాళ్ళం. ఒకసారి పెదనాన్న దగ్గర అననే అన్నాం. "ఏదన్నా అటెండరు పోస్టు చూద్దాం పెదనాన్నా, ఎన్నాళ్ళు ఈ మసి పని" అని. పెదనాన్న మా వంక చూసి, "ఒరే పంతులూ, రేపు పొద్దున కొట్టు కాడ కూచో. మాట్లాడమాకు. సూడు" అన్నాడు.

కూచున్నాం. మిరప చేలకు చివరి తడి పెట్టే రోజులవి. రాత్రి కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయి, రెండు ఫేజుల మీదే మోటార్లు తిరిగి, ఒక్క రాత్రిలో నాలుగు కాలిపోయాయి. తెల్లారేసరికి కొట్టు ముందు ట్రాక్టరు ఆగింది. దిగింది ఎవరంటే, ఆ చచ్చిన ఎద్దు ఆసామి కొడుకు. తలకు తువ్వాలు చుట్టుకుని, కంగారుగా, "మేస్త్రీగారు లేరా?" అన్నాడు.

పెదనాన్న బల్ల మీద కూచుని ఉన్నాడు. అలవాటు చొప్పున లేవబోయాడు. లోపల్నుంచి అన్న, తల ఎత్తకుండానే, "నువ్వు కూకో నాయనా" అన్నాడు. పెదనాన్న కూచున్నాడు. ఆసామి కొడుకు నిలబడే ఉన్నాడు. కాసేపటికి అన్నే స్టూలు జరిపి "కూకోండి, టైం పడుద్ది" అన్నాడు. అతను కూచున్నాడు. మా వదిన టీ తెచ్చింది. అతను గ్లాసు వంక చూశాడు, ట్రాక్టరు మీదున్న మోటారు వంక చూశాడు, టీ తాగాడు. కులం పోయిందని చెప్పటం లేదు మేము. అతనింట్లో మా వదినకు గ్లాసు ఇస్తారో లేదో మాకు తెలుసు. కానీ ఆ పూట ఆ స్టూలు మీద అతను మూడు గంటలు కూచున్నాడు.

ఆ మూడు గంటల్లో మేము కొత్తగా చదువుకున్నాం. అన్న పాత తీగ పీకి గాళ్ళు తుడిచాడు. ఒక్కో గాడిలో కాగితం మడిచి దూర్చాడు. అచ్చు మీద చుట్టిన తీగచుట్టలు ఒక్కొక్కటీ వేళ్ళతో సర్ది, తీగ పై పూత గీరుకోకుండా గాడిలోకి దించాడు. ఒక్క చోట పూత లేస్తే మోటారు మళ్ళీ కాలుతుంది. తోలు మీద గాటు పడకూడదన్న మాట మాకు అక్కడ గుర్తొచ్చింది. కొసలు కలిపి, దారంతో కట్టి, దీపం పెట్టి పరీక్ష చేశాడు. "వార్నిషు ఆరాల, రేపు పొద్దున రండి" అని చెప్పి, బిల్లు రాశాడు.

ఆసామి కొడుకు బిల్లు చూసి, "ఏంది మేస్త్రీ, ఇంతా? మీ నాయన మా కళ్ళంలో ఎప్పుడన్నా ఇంతని అడిగాడా?" అన్నాడు.

అన్న, "నాయన అడగలేదు. నేను అడుగుతున్నా" అన్నాడు. గొంతు పెంచలేదు. అతను ఇచ్చాడు.

అతను పోయాక పెదనాన్న బిల్లు పుస్తకం తీసి మా చేతికిచ్చి, "సదువు" అన్నాడు. కార్బను కాపీ. తేదీ, ఆసామి పేరు, మోటారు ఎన్ని హార్సుపవరో, తీగ ఎన్ని కిలోలో, బేరింగులు, మజూరీ, మొత్తం. చదివాం. "మజూరీ కాడ మళ్ళీ సదువు" అన్నాడు. మళ్ళీ చదివాం. ఆయనకు అక్షరం రాదు. మేము పంతుళ్ళమయ్యాక ఆయన మమ్మల్ని చదవమని అడిగిన మొదటి కాగితం అదే. "నేను నీళ్ళు తోడే బాన కుడితే పేరు లేదు, రేటు లేదు. ఈడు నీళ్ళు తోడే మిషను చుడితే ఆళ్ళ పేరు మన పుస్తకంలో పడిందిరా పంతులూ. నువ్వేమో అటెండరు పోస్టంటన్నావు" అన్నాడు.

మేము మాట్లాడలేదు. ఏం మాట్లాడతాం?

గర్వానికీ కులవృత్తికీ తేడా

ఇప్పుడు మీలో ఎవరికన్నా అనుమానం రావచ్చు. "పని గొప్పదంటున్నారు గదా, మరి తండ్రి పని కొడుకు చెయ్యటంలో తప్పేముంది" అని. ఈ మాటను మనకన్నా ముందు అగ్రకులం వాళ్ళు అంటారు. తియ్యగా అంటారు. అందుకని జాగర్తగా వినండి.

1953లో మన పల్నాడు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా రాజాజీ గారు ఒక విద్యా పథకం తెచ్చారు. పల్లెటూరి బడి పిల్లలు ఒక పూట బడిలో చదివి, రెండో పూట ఇంటి పని నేర్చుకోవాలని. వినటానికి బాగుంది. కానీ ఎవరి ఇంటి పని ఏమిటి? ప్లీడరు కొడుకు రెండో పూట ప్లీడరు పుస్తకాల దగ్గర, మన పిల్లగాడు లంద దగ్గర. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని పేరు పెట్టి పోరాడింది. 1954లో కామరాజు వచ్చాక ఆ పథకం పోయింది.

పోయిందా? 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకం మొదలెట్టింది. పద్దెనిమిది చేతిపనుల జాబితా. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, చెప్పులు కుట్టేవారు. తక్కువ వడ్డీకి అప్పు, పనిముట్లకు సొమ్ము ఇస్తారు. తీసుకునేవాళ్ళు తీసుకోండి, మన పన్ను సొమ్మే అది, కాదనం. కానీ ఆ జాబితాలో మా అన్న మోటారు వైండింగు లేదు, మీ వెల్డింగు లేదు, ఏసీ రిపేరు లేదు. కుటుంబంలో తరాలుగా వచ్చే సంప్రదాయ పనులకే ఆ పథకం. కులం గీసిన గీత మీదే సర్కారు ముగ్గు వేసిందన్నమాట. తమిళనాడు ప్రభుత్వం 2024లో ఈ కారణంగానే ఆ రూపంలో అమలు చెయ్యమని చెప్పింది.

దుర్గి రాతి శిల్పాలు మన పల్నాటివే. ఆ శిల్పి తన కొడుక్కి ఉలి ఇస్తే అది కళ, వారసత్వం, పత్రికల్లో ఫోటో. ఆ శిల్పుల మీద మాకు గౌరవమే. మా పెదనాన్న తన కొడుక్కి ఆరె ఇచ్చి ఉంటే అది ఏమయ్యేది? రెండూ చేతిపనే, రెండింటికీ ఏళ్ళ సాధన కావాలి. ఒకదానికి దండ, ఒకదానికి వెలి. మన వినుకొండలో పుట్టిన జాషువా గారు 1941లో గబ్బిలం కావ్యానికి ఒక అరుంధతీయుణ్ణి నాయకుణ్ణి చేసి నిలబెట్టింది ఈ లెక్క సరిచెయ్యటానికే.

బెజవాడ విల్సన్ గారి సంగతి మీలో కొందరికి తెలుసు. కోలారు బంగారు గనుల ఊళ్ళో తెలుగు మాట్లాడే మన కుటుంబం. తండ్రి, అన్న పాకీపని చేసేవాళ్ళు. ఆ సంగతి తల్లిదండ్రులు చిన్నప్పుడు ఆయనకు చెప్పలేదు, దాచారు. పెద్దయ్యాక ఉద్యోగం కోసం పేరు రాయించుకోబోతే, కులాన్ని చూసి ఆయన పేరు ఎదుట పాకీపని అనే రాశారని ఆయనే చెప్పుకున్నారు. ఆ కోపంలోంచే సఫాయి కర్మచారి ఆందోళన వచ్చింది. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చారు. అయినా మురుగు గుంతల్లో ఊపిరాడక చచ్చిపోయే మన బిడ్డల వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. తన పనిని బిడ్డకు చెప్పుకోలేక దాచిన ఆ తండ్రీ, ఆరెను చూరులో దాచిన మా పెదనాన్నా ఒకటే. ఇద్దరూ తమ చేతుల్ని తిట్టుకున్నది పని చేతగాక కాదు. ఆ పని పుట్టుకతో నెత్తిన పడింది గనక.

అందుకని గర్వపడే ముందు మూడు సంగతులు అడగండి. ఆ పని బిడ్డ ఎంచుకున్నాడా, నెత్తిన పెట్టారా? దాని రేటు చెప్పేది బిడ్డా, ఎదుటివాడా? రేపు ఆ పని మానేస్తానంటే మానగలడా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే అది చేతిపని. లేకపోతే దానికి ఎంత మంచి పేరు పెట్టినా వెట్టే.

వదిన లెక్క

ఇంకో మాట చెప్పకపోతే మా వదిన మమ్మల్ని ఇంటికి రానివ్వదు. అచ్చు మీద తీగ చుట్టేది ఎవరనుకున్నారు? ఆమె. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో తీగ పట్టుకుని, నోట్లో లెక్క. పిల్లవాడు అన్నం అడిగినా, కుక్క మొరిగినా లెక్క తప్పదు. ఒక్క చుట్టు తప్పినా మోటారు వేడెక్కుతుంది. కొట్టు బోర్డు మీద మాత్రం మా అన్న పేరు, కింద "అండ్ సన్స్". కొడుకులకు ఇంకా మీసం కూడా రాలేదు.

ఈ సంగతి పట్టుకుంది కూడా పెదనాన్నే. "తోలు ఊనే కాడ మీ పెద్దమ్మ చెయ్యి లేందే నా పని లేదు. అప్పుడు ఎవరూ అనలేదు. ఇప్పుడన్నా అనండిరా" అన్నాడు. వదిన పేరు బోర్డు మీదకు ఎక్కటానికి రెండేళ్ళు పట్టింది. అన్నతో దెబ్బలాడింది ఆసామి కాదు, మేమే. మన ఇంట్లో మనం అగ్రకులం కాకూడదు. మన ఆడపిల్లలను కుట్టుమిషను కాడ ఆపకండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టరు, డీజిలు మెకానిక్కు, ఏది అడిగితే అందులో చేర్చండి. పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి ఫిట్టరు" అని నెత్తి ఎత్తి చెప్పండి.

చెయ్యాల్సిన పనులు

కార్యకర్తలకు నాలుగు మాటలు. సభలో చప్పట్లు కొట్టి పోవటానికి రాలేదు మనం.

ఒకటి. మీ వాడలో పని తెలిసినవాళ్ళ జాబితా రాయండి. ఎవరికి ఏ పని వచ్చు, కాగితం ఉందా లేదా. మాల, మాదిగ అని వేరు పెట్టకుండా రాయండి. పని వచ్చి కాగితం లేనివాళ్ళను ఐటిఐ ప్రైవేటు పరీక్షలకు కూచోబెట్టండి. కాగితం ఉంటే ఫ్యాక్టరీ గేటు కాడ మాట నిలబడుతుంది.

రెండు. 1961 అప్రెంటిసు చట్టం ఉంది. దాని కింద చేరిన పిల్లవాడికి నెల నెలా స్టైపెండు ఇవ్వాలి. షెడ్యూల్డు కులాల పిల్లలకు అందులో స్థానాలు కేటాయించాలి. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయి! మాచర్లలో 1958 నుంచీ సిమెంటు తయారవుతోంది. మన రాయి, మన నేల, మన దుమ్ము. లోపల యంత్రం దగ్గర మన పిల్లలు ఎందరు, బయట లోడింగు దగ్గర ఎందరు? పోయి అడగండి, రాయించి అడగండి.

మూడు. సొంతంగా పని చేసుకునే ప్రతివాళ్ళూ బిల్లు పుస్తకం పెట్టండి. నూరు రూపాయల పనికైనా బిల్లు రాయండి. మేర మనసులో ఉంటుంది, బిల్లు కాగితం మీద ఉంటుంది. మనసు మారుతుంది, కాగితం మారదు.

నాలుగు. కట్టడం పనివాళ్ళకు 1996లో సంక్షేమ చట్టం వచ్చింది. పేరు నమోదు చేయించుకోండి. పైనుంచి పడితే, షాకు కొడితే, కళ్ళు పోతే కుటుంబం రోడ్డున పడకూడదు. బిడ్డ పని చూసి గర్వపడే తల్లికి ఆ బిడ్డ సాయంత్రం ఇంటికి తిరిగి రావాలనే హక్కు కూడా ఉంది.

ఇక ముగిస్తాం. మొన్న సంక్రాంతికి ఊరు పోయాం. అన్న పెద్దకొడుకు పదో తరగతి రాస్తున్నాడు. అన్న వాణ్ణి సాయంత్రాలు కొట్లో కూచోబెడుతున్నాడు. వాడికి బొమ్మలు వెయ్యటం ఇష్టం. బిల్లు పుస్తకం వెనక అట్టల మీద అంతా ట్రాక్టర్లు, ఎడ్లు, తాత మొహం. అన్న విసుక్కున్నాడు. "నాయనా, నువ్వన్నా చెప్పు. కొట్టు వీడు కాక ఎవరు చూసుకుంటారు" అన్నాడు.

పెదనాన్న ఎంత గర్వంగా ఆ కొట్టు ముందు కూచుంటాడో మేము చూశాం. ఆ కొట్టు ఉండాలని ఆయనకన్నా ఎక్కువ ఎవరు కోరుకుంటారు? కానీ ఆయన అన్న వంక తిరిగి, "నీ చేతికి ఆరె ఇయ్యలేదు నేను. ఆడి చేతికి నువ్వు తీగ ఇయ్యమాకు. ఆడు అడిగితే ఇయ్యి" అన్నాడు.

అన్న సమాధానం చెప్పలేదు. పిల్లవాడు మాత్రం ఆ రోజు ఇంకో రెండు అట్టలు నింపాడు.

ఆ మాటనే మీ ముందు పెట్టి సెలవు తీసుకుంటున్నాం. తల్లులారా, రేపు మీ ఊళ్ళో ఎవరన్నా "నీ కొడుకు ఏం చేస్తాడమ్మా" అంటే గొంతు తగ్గించి "ఏదో చేసుకుంటన్నాడయ్యా" అనకండి. పని పేరు చెప్పండి. వెల్డరు అని చెప్పండి. మేస్త్రి అని చెప్పండి. నా కూతురు ఎలక్ట్రీషియన్ అని చెప్పండి.

జై భీమ్.